గిన్నె కోళ్ల గుడ్లు, పొదుగు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పెరట్లో కొన్ని గిన్నె కోళ్లున్నాయి. ఎండలు మొదలైన దగ్గర నుంచి గుడ్లు పెడుతున్నాయని అనుకుంటున్నాము కానీ, గూటిలో ఒక్క గుడ్డూ కనిపించదు. మొన్న కంచె పక్కన గడ్డి దుబ్బులో ఇరవైకి పైగా గుడ్లు ఒకేచోట దొరికాయి. అన్నీ తీసేశాక అవి ఆ చోటికి రావడమే మానేశాయి. గూటిలోనే పెట్టేలా చేయడం ఎలా? దొరికిన గుడ్లను పొదిగించవచ్చా?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

సమాధానం: గిన్నె కోడి ఆఫ్రికా గడ్డి మైదానాల పక్షి. ఎన్ని తరాలుగా పెంపకంలో ఉన్నా, నేల మీద, గడ్డి చాటున, ఎవరి కంటా పడని చోట గుడ్లు పెట్టే స్వభావాన్ని అది వదులుకోలేదు. రెండు మూడు పెట్టలు ఒకే చోట పెట్టడం కూడా మామూలే కాబట్టి, మీకు దొరికిన గుడ్లన్నీ ఒక్క పెట్టవి కాకపోవచ్చు. గూడు ఒక్కసారిగా ఖాళీ అయితే అక్కడికి శత్రువు వచ్చి వెళ్లిందని పెట్ట గ్రహించి చోటు మార్చేస్తుంది. అందువల్ల ఇకమీదట బయట గూడు కనిపిస్తే, అయిదారు గుడ్లకు పెన్సిలుతో గుర్తు పెట్టి అక్కడే వదిలి, గుర్తు లేని కొత్త గుడ్లను మాత్రం ఏ రోజువి ఆ రోజు, పెట్ట దగ్గర లేనప్పుడు తీసుకోండి.

గూటికి అలవాటు చేయడానికి మాత్రం కొంత ఓపిక కావాలి. నాటుకోడి పొద్దున్నే గుడ్డు పెట్టి బయటికి వస్తుంది, గిన్నె కోడి ఎక్కువగా మధ్యాహ్నం పూట పెడుతుంది. తెల్లవారగానే తలుపు తీసేస్తే గుడ్లు పొలం పాలవుతాయి. మధ్యాహ్నం రెండు మూడు గంటల దాకా నీడ, నీళ్లు, దాణా అమర్చి లోపలే ఉంచండి. ఎత్తుగా కట్టిన పెట్టెలు వీటికి నచ్చవు. చీకటిగా ఉన్న మూలలో నేల మీదే ఎండుగడ్డి మందంగా పరిచి, ముందు భాగాన తాటాకునో పాత చాపనో గోడకు వాల్చి చాటు కల్పించండి. గుర్తు పెట్టిన రెండు మూడు గుడ్లను అందులో ఉంచితే పెట్టలు ఆ చోటును నమ్ముతాయి. రెండు మూడు వారాలు ఇలా సాగితే చాలా మందలు అలవాటు పడతాయి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు పెట్టలు బయటికే పోతే వాటిని మధ్యాహ్నం పూట గమనించడం తప్ప మార్గం లేదు.

మీకు దొరికిన గుడ్లను పొదుగుకు వేయవద్దనే నా సలహా. అవి ఎన్నాళ్ల నాటివో తెలియదు. అంతకన్నా ముఖ్యమైన కారణం మన ఎండ. గుడ్డు చుట్టూ వేడి ఇరవై డిగ్రీలు దాటితే చాలు, పెట్ట కూర్చోకపోయినా లోపలి పిండం నెమ్మదిగా ఎదగడం మొదలవుతుంది. పగలు పెరుగుతూ రాత్రి ఆగిపోతూ ఉండే ఆ పిండం బలహీనపడి చాలాసార్లు మొదట్లోనే చనిపోతుంది. పొదగని గుడ్లకు పుంజునే తప్పుపడతాము కానీ, వేసవిలో నష్టం ఎక్కువగా గుడ్లను దాచిన చోటే జరుగుతుంది. ఏ రోజు గుడ్డును ఆ రోజే తీసి, ఇంట్లో చల్లని గదిలో తడి ఇసుక మీద ఉంచిన మట్టికుండలో, సన్నని కొన కిందికి ఉండేలా పెట్టి, పైన పలుచని బట్ట కప్పండి. చలికాలంలో వారం దాకా ఆగవచ్చు గానీ, వేసవిలో మూడు నాలుగు రోజులకు మించి దాచకండి. మట్టి అంటితే పొడిబట్టతో తుడవాలే తప్ప కడగకూడదు, కడిగితే పెంకు మీది రక్షణ పొర పోతుంది.

ఇక పొదగడం సంగతి. గిన్నె పెట్ట పాతిక ముప్పై గుడ్లు చేరాక తానే కూర్చుంటుంది, బాగానే పొదుగుతుంది కూడా. కానీ అది బయట కూర్చుంటే ముంగిస, నక్క, పాము బారిన పడుతుంది. పిల్లలు లేచాక వాటిని తెల్లవారుజామునే మంచు పట్టిన గడ్డిలో తిప్పుతుంది, తడిసిన పిల్లలు చలికి బతకవు. అందుకే పెరటి పెంపకంలో నాటుకోడికి అప్పగించడాన్ని మించిన పద్ధతి లేదని నా గట్టి అభిప్రాయం. గిన్నె కోడి గుడ్డు సుమారు నలభై గ్రాములే ఉంటుంది కాబట్టి మంచి పొదుగు కోడి కింద పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పడతాయి.

నాటుకోడి గుడ్లు 21 రోజులకు పిల్లలైతే వీటికి 26 నుంచి 28 రోజులు పడుతుంది. కనుక రెండు రకాల గుడ్లను కలిపి వేయకండి. మొదటి పిల్లల కిచకిచలు వినగానే కోడి లేచిపోతుంది, మిగిలిన గుడ్లు చల్లారిపోతాయి. వారం ఎక్కువ కూర్చోవలసిన కోడి కాబట్టి ఒళ్లున్నదాన్ని, ఇంతకుముందు పొదిగిన అనుభవం ఉన్నదాన్ని ఎంచుకోండి. కూర్చోబెట్టే ముందే పేలు లేకుండా చూడండి, పేలు కుడితే ఎంత మంచి కోడైనా మధ్యలో లేచిపోతుంది. రోజుకోసారి పావుగంట లేపి గింజలు, నీళ్లు అందించండి. పదో రోజు రాత్రి చీకట్లో గట్టి వెలుగునిచ్చే టార్చి మీద గుడ్డును పెట్టి చూడండి. పెంకు మందం కాబట్టి నాటు గుడ్డులా తేటగా కనిపించదు, అయినా పిండం ఉన్న గుడ్డు చాలా భాగం నల్లగా, వట్టిది లేతగా తెలుస్తుంది. చివరి మూడు రోజులు తాకకండి.

ఇంక్యుబేటరే వాడదలిస్తే, ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల వేడి, 55 నుంచి 60 శాతం తేమ ఉంచాలి. 25వ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపి, తేమను 70 శాతం దాకా పెంచాలి.

ప్రశ్న: నాలుగు గిన్నె కోళ్లు కొన్నాను. గుడ్లు వస్తున్నాయి కానీ ఒక్కటీ పిల్ల కాలేదు. పుంజు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: రూపంలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అరుపును వినాలి. మధ్యలో విరిచి రెండు ముక్కలుగా పదేపదే అరిచేది పెట్ట మాత్రమే. ఒంటి ముక్క అరుపు రెండింటికీ ఉంటుంది గనుక దాన్ని బట్టి తేల్చకండి. ఏ పక్షి ఎప్పుడూ రెండు ముక్కల అరుపు అరవదో, చెంపల కింది తమ్మెలు ఏ పక్షికి పెద్దవిగా ఉండి బయటికి వంగి ఉంటాయో, అది పుంజు. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు చాలు. పుంజే లేదని తేలితే, బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే మూడు రకాలను అభివృద్ధి చేసింది, వాటి గురించి మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. పుంజు ఉండి కూడా సీజను తొలి గుడ్లు వట్టిపోతే కంగారు పడకండి, కొన్ని వారాల్లో మెరుగవుతాయి.

ప్రశ్న: పిల్లలు లేచిన వారంలోపే సగం పోతున్నాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: చలి, తడి, నీళ్ల పళ్లెం, ఈ మూడింటినీ ముందుగా చూడండి. మొదటి వారం పిల్లలున్న చోట 35 డిగ్రీలకు తగ్గని వేడి ఉండాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. పిల్లలు గుంపుగా ముడుచుకుంటే బల్బును కిందికి దించండి, దూరంగా పోయి నోరు తెరిస్తే పైకెత్తండి. ఇవి చాలా చిన్నవి, లోతు పళ్లెంలో పడి మునిగిపోతాయి, కాబట్టి పళ్లెంలో గులకరాళ్లు పరిచి వాటి సందుల్లో నీళ్లు నిలిచేలా చూడండి. నున్నని కాగితం పరిస్తే కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి, గోనెసంచి పరచండి. వట్టి నూకలతో ఇవి ఎదగవు. మొదటి నెల మాంసకృత్తులు 24 శాతం దాకా ఉన్న పిల్లల దాణా పెట్టి, దానితో పాటు చెదపురుగులు వేయండి. కోడి వెంట ఉన్నా సరే, నాలుగు వారాలు నిండేదాకా మంచు పూర్తిగా ఆరకముందు బయటికి వదలకండి.