ములుగు భూకంపాన్ని తరగతిలో ఎలా చెప్పాలి? టీచర్ల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నేను భూపాలపల్లి దగ్గర ఒక హైస్కూల్‌లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో భూకంపాల మీద తోటి టీచర్లకు ఒక పూట శిక్షణ ఇవ్వమన్నారు. చేతిలో పీపీటీ ఉంది కానీ, అది పెడితే ఎవరూ వినరు. పైగా 2024లో ములుగులో వచ్చిన భూకంపం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో చేసే బ్లాస్టింగ్ వల్లే వచ్చిందని మా పిల్లలు అంటున్నారు. ఏం చెప్పాలి, ఏం చేయించాలి?

జవాబు: పీపీటీ పక్కన పెట్టండి మేడం. పిల్లల మాటతోనే శిక్షణ మొదలుపెట్టండి. బ్లాస్టింగ్ అయితే కిటికీలు అదరడం వాళ్లకు అలవాటే, అందుకే ఆ అనుమానం వచ్చింది. అది చాలా మంచి ప్రశ్న. కొట్టిపారేయకుండా బోర్డు మీద తేల్చండి. 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కు వచ్చిన ఆ భూకంపం మాగ్నిట్యూడ్, అంటే వెలువడిన శక్తిని బట్టి వేసే కొలత, 5.3. దాని కేంద్రం 40 కిలోమీటర్ల లోతున ఉందని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం లెక్కగట్టింది. కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున గీస్తే ఆ కేంద్రం 80 సెంటీమీటర్ల కిందికి పోతుంది. 300 మీటర్ల లోతైన గనిని గీసినా ఆరు మిల్లీమీటర్లు దాటదు. టీచర్లు తమ చేత్తో ఆ గీత గీయాలి, అప్పుడే తరగతిలో ధైర్యంగా చెప్పగలుగుతారు.

అక్కడితో ఆపకండి. బొగ్గుకూ భూకంపానికీ ఇంకోరకంగా చుట్టరికం ఉంది. కోట్ల ఏళ్ల కింద ఈ ప్రాంతంలో భూమి పగుళ్ల వెంట కుంగింది. ఆ పల్లంలో ఇసుక, మట్టి, అడవుల శిథిలాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు అట్లా ఏర్పడిందే. గోదావరి పారేది ఆ పల్లం గుండానే. ఆ పాత పగుళ్లు నేటికీ బలహీనంగానే ఉన్నాయి కాబట్టి ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడ కదలిక వస్తుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 భూకంపం వచ్చింది కూడా ఈ లోయలోనే. సింగరేణి కార్మికుల పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

ఇక చేయించాల్సిన పని. హార్డ్‌వేర్ షాపులో గరుకు కాగితం కొనండి. ఒక పొడవాటి ముక్కను బల్ల మీద అతికించండి, ఇంకోటి చెక్క ముక్క అడుగున. చెక్కకు రబ్బరు బ్యాండ్లు ముడివేసి, చివర దారం కట్టి, పక్కన స్కేలు పెట్టి మెల్లగా లాగండి. రబ్బరు సాగుతూనే ఉంటుంది, చెక్క కదలదు. ఉన్నట్టుండి దూకుతుంది. రబ్బరు ఎంత సాగాక దూకింది, ఎంత దూరం దూకింది అని ప్రతిసారీ రాయించండి. లాగే చెయ్యి ఒకేతీరుగా కదిలినా ఒకసారి చిన్న దూకుడు వస్తుంది, ఇంకోసారి పెద్దది. "తర్వాతిది ఎప్పుడు?" అని టీచర్లనే అడగండి. భూకంపం వచ్చే రోజును ముందే చెప్పడం ఎందుకు కుదరదో ఆ పట్టికే చూపిస్తుంది. వాట్సాప్‌లో "రేపు రాత్రి భూకంపం" అని మెసేజ్ వస్తే దాన్ని నమ్మని పిల్లలు కావాలి మనకు. నా దృష్టిలో ఈ శిక్షణకు అదే పెద్ద ఫలితం.

లెక్కల టీచర్‌ను కూడా కూర్చోబెట్టండి. ఇది సోషల్ పాఠమని సైన్స్ వాళ్లు, లెక్కలు మాకెందుకని సోషల్ వాళ్లు వదిలేస్తే మధ్యలో నష్టపోయేది పిల్లలే. ముందుకూ వెనక్కూ నెడుతూ వచ్చే పీ తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, అడ్డంగా ఊపే ఎస్ తరంగం 3.5. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, భుజాల మీద చేతులు వేయించి, చివరివాడిని మెల్లగా నెడితే మొదటిది కనిపిస్తుంది. పక్కకు ఊపితే రెండోది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టినట్టే, ఈ రెండింటి మధ్య తేడాను బట్టి దూరం చెప్పొచ్చు. కేంద్రానికి సరిగ్గా పైన నేల మీద ఉన్న చోటు వరంగల్ నుంచి 80 కిలోమీటర్లు, కేంద్రం లోతు 40 అనుకుందాం. పైథాగరస్ ప్రకారం అసలు దూరం దాదాపు 89. పీ రావడానికి 15 సెకన్లు, ఎస్‌కు 25 పైన. ఆ రోజు పొద్దున హనుమకొండలో మా వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. అంతకుముందు చిన్న అదురు తెలిసినవాళ్లు మీ మీటింగ్‌లోనే ఉండొచ్చు, అడిగి చూడండి. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, ఏం ఊగింది అని జిల్లా మ్యాపు మీద గుర్తు పెట్టించండి. మాగ్నిట్యూడ్ ఒక్కటే, ఊపు మాత్రం ఊరూరికీ వేరని దాంట్లో తేలుతుంది. ఫోన్‌లో ఊపును కొలిచే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంటే బల్ల మీద పెట్టి, పక్కన గెంతించి గ్రాఫ్ చూపించొచ్చు. లేకున్నా పని ఆగదు.

ప్రశ్న: గోవిందరావుపేట వైపు ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను సార్. భూకంపం డ్రిల్ చేయిద్దామంటే పిల్లలకు టెన్షన్ ఎక్కుతుందని తల్లిదండ్రులు అంటున్నారు.

జవాబు: ఏం చేయాలో తెలియకపోతేనే భయం ఎక్కువ. ఆ ఉదయం భయపడ్డ పిల్లలకు డ్రిల్ ఊరటనిస్తుంది. ముందు రోజే తల్లిదండ్రులకు కబురు పంపండి, వీలైతే పిలిచి వాళ్లతోనూ చేయించండి. ఊపు మొదలవగానే కూర్చుని బెంచీ కిందికి దూరాలి, తల కాపాడుకోవాలి, బెంచీ కాలు గట్టిగా పట్టుకోవాలి. బెంచీలు లేని గదిలో కిటికీకీ బీరువాకూ దూరంగా లోపలి గోడ పక్కన వంగి, రెండు చేతులతో తలా మెడా కప్పుకోవాలి. ఊగుతుండగా తలుపు వైపు ఉరికితే తొక్కిసలాట అవుతుంది. ఆగాకే వరుసగా బయటికి, కరెంటు తీగలకు దూరంగా. హాజరు రిజిస్టర్ మీ చేతిలో ఉండాలి. నడవలేని బిడ్డ ఉంటే ఎవరు తోడుండాలో ఆ రోజే పేరుతో సహా చెప్పండి. బీరువాలను గోడకు బిగించమని హెడ్‌మాస్టర్‌ను అడగండి. డ్రిల్ కన్నా ముందు కావాల్సింది అదే.

ప్రశ్న: రామప్ప గుడి ఇసుక పునాది వల్లే భూకంపాలను తట్టుకుందని పిల్లలకు చెప్పొచ్చా సార్?

జవాబు: ఇసుక పునాది, నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకల శిఖరం రెండూ నిజమే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఈ రెంటినీ ప్రత్యేకంగా చెప్పుకున్నారు. అయితే "దానివల్లే" అని తీర్పు చెప్పకండి, పరీక్షించమనండి. పైన బరువు తగ్గితే ఊపులో గోడల మీద పడే బలం తగ్గుతుంది, ఇది పిల్లలే తేల్చగలరు. గోలీల మీద ట్రే పెట్టి, అగ్గిపుల్లలు, బంకమట్టితో రెండు ఇళ్లు కట్టించండి. ఒకదానికి అట్ట కప్పు, ఇంకోదానికి రాతి పలక. ట్రేను అటూ ఇటూ ఊపండి. 1993లో మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 మాగ్నిట్యూడ్ భూకంపానికే వేలమంది ఎందుకు పోయారో అప్పుడు మాట్లాడండి. తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్ల మీద మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు, కప్పులు కూలాయి. ఆ తర్వాత ఎవరింటి కప్పు దేనితో ఉందో పిల్లల చేత రాసుకు రమ్మనండి.