గుట్ట దారి గాడి పడకుండా ఉండాలంటే

ప్రశ్న: మా ఊరి గుట్టపైకి యువకులమంతా కలిసి వేసుకున్న నడకదారి రెండు వానాకాలాలకే మోకాలి లోతు గాడిగా కోసుకుపోయింది. సిమెంటు మెట్లు కట్టించమంటారా?
– ఒక పాఠకుడు, వికారాబాద్ జిల్లా

జవాబు: మెట్ల కంటే ముందు దారి పోకడను మార్చండి. వాలు వెంట నిటారుగా దిగే దారిని వాననీరు కాలువ చేసుకుంటుంది కనుక, దారిని వాలుకు అడ్డంగా, గుట్ట చుట్టూ తిప్పుతూ తీసుకెళ్లాలి. దారి ఎక్కే ఏటవాలు, ఆ చోట గుట్టకున్న ఏటవాలులో సగానికి మించకూడదు. సగటున 10 మీటర్ల నడకకు 1 మీటరు ఎక్కితే చాలు. మీటరు వెడల్పు దారిలో పల్లం వైపు అంచు 5 సెంటీమీటర్లు దిగువగా ఉండాలి. అక్కడక్కడా దారి కాస్త దిగి మళ్లీ ఎక్కితే, నీరు ఆ దిగుడులోనే బయటికి జారిపోతుంది. చెంబెడు నీళ్లు దారి మధ్యలో పోసి చూడండి: దారి వెంట పారితే తప్పు, అడ్డంగా అంచు దాటితే ఒప్పు.

మలుపు ఒక పెద్ద బండ చుట్టూనో, చెరువు కనిపించే చోటనో తిరిగితే నడిచేవారు ఇష్టంగా ఆగి చూస్తారు; కారణం కనిపించని మలుపును మాత్రం అడ్డంగా దాటేస్తారు, ఆ అడ్డదారే కొత్త గాడి అవుతుంది. పాత గాడిని రాళ్లతో, ముళ్లకంపతో మూసేయండి. అది అటవీ భూమి అయితే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.