స్విచ్‌కి సర్వర్ కనబడుతోంది, సర్వర్‌కి స్విచ్ కనబడట్లేదు: కేబుల్ మార్చకండి

సిస్కో స్విచ్‌లో ఎల్ఎల్‌డీపీ (కేబుల్‌కి అవతల ఎవరున్నారో పరికరాలు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) ఆన్ చేస్తే స్విచ్ వైపు సర్వర్ పేరు వస్తోంది, లినక్స్ సర్వర్‌లో మాత్రం ఖాళీ. ఇదే కదా మీ ప్రశ్న? అటు పేరు చేరిందంటే కేబుల్, ఎస్ఎఫ్‌పీ (పోర్టులో దూర్చే మాడ్యూల్) బాగానే ఉన్నట్టు. వాటి జోలికి పోకండి.

స్విచ్‌లో చూడాల్సింది కొంచెమే. సిస్కో ఐఓఎస్‌లో సాధారణంగా సీడీపీ (ఇదే పని చేసే సిస్కో సొంత ప్రోటోకాల్) దానంతటదే నడుస్తుంది, ఎల్ఎల్‌డీపీకి ‘ఎల్ఎల్‌డీపీ రన్’ కొట్టాలి. ‘షో ఎల్ఎల్‌డీపీ ఇంటర్‌ఫేస్’లో పంపడం, అందుకోవడం రెండూ ఎనేబుల్ అని ఉండాలి. ఎప్పుడో ఎవరో ఆ పోర్టు కింద ‘నో ఎల్ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్’ పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. ఎల్ఎల్‌డీపీ ఫ్రేమ్ (ఆ సమాచారం మోసే ప్యాకెట్) మామూలుగా 30 సెకన్లకోసారి వెళ్తుంది, అందాక ఆగండి.

అక్కడంతా సరిగ్గానే ఉంటే, సర్వర్‌లో ఉన్నది ఇంటెల్ ఎక్స్710 నెట్‌వర్క్ కార్డేమో చూడండి. డ్రైవర్ పేరు ఐ40ఈ. ఈ కార్డు ఫర్మ్‌వేర్‌లోనే ఒక ఎల్ఎల్‌డీపీ ఏజెంట్ ఉంది. స్విచ్ పంపిన ఫ్రేమ్‌ని అది కార్డులోనే మింగేస్తుంది, కెర్నెల్ దాకా రానివ్వదు. అందుకే టీసీపీడంప్ (ప్యాకెట్లు పట్టి చూపే టూల్) పెట్టినా స్విచ్ ఫ్రేమ్ పడదు. అది చూసి జనం స్విచ్ పంపట్లేదని తేల్చేసి ఎస్ఎఫ్‌పీలు పీకడం మొదలుపెడతారు. ఇథ్‌టూల్‌తో (కార్డు సెట్టింగులు చూసే, మార్చే లినక్స్ కమాండ్) ఆ ఇంటర్‌ఫేస్ ప్రైవేట్ ఫ్లాగులు చూస్తే ‘డిజేబుల్-ఎఫ్‌డబ్ల్యూ-ఎల్ఎల్‌డీపీ’ ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలి. ఆపేదాన్ని ఆన్ చేయడం ఏమిటో, ఆ పేరు పెట్టినవాళ్లకే తెలియాలి! కార్డులో ఉన్న ప్రతి పోర్టుకీ విడిగా చేయండి, రీబూట్ తర్వాత మళ్లీ చూసుకోండి. ఆ ఫ్లాగే లేకపోతే డ్రైవర్ పాతది. స్టోరేజ్ ట్రాఫిక్ కోసం డీసీబీని (ఆ ట్రాఫిక్ ప్యాకెట్లు పోకుండా చూసే ఏర్పాటు) ఆ ఏజెంటే నడుపుతుంటే మాత్రం ముట్టుకోవద్దు.

వర్చువల్ మెషీన్ లోపల కనబడట్లేదంటే కథ వేరు. లినక్స్ బ్రిడ్జ్ (మెషీన్లని కార్డుతో కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఈ ఫ్రేముల్ని దాటనివ్వదు, ప్రమాణం ప్రకారం అదే సరి. అయినా కావాలంటే బ్రిడ్జ్ ‘గ్రూప్_ఫార్వర్డ్_మాస్క్’ 16384 పెట్టాలి. వీఎంవేర్ స్టాండర్డ్ స్విచ్ అయితే సీడీపీ ఒక్కటే తెలుసు, ఎల్ఎల్‌డీపీకి డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ఉండాల్సిందే.

ఒకే పోర్టు మీద ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు కనబడితే టేబుల్ కింద వెతకండి. ఎవరో చవక ఐదు పోర్టుల స్విచ్ దూర్చి ఉంటారు. వాటిలో చాలావరకు ఈ ఫ్రేముల్ని ఆపకుండా అన్ని వైపులకీ తోసేస్తాయి.

ఇక ఆడిట్‌వాళ్ల మాట విని సెక్యూరిటీ పేరుతో అన్ని పోర్టుల్లో ఎల్ఎల్‌డీపీ, సీడీపీ ఆపేసేవాళ్లున్నారు. స్విచ్ మోడల్, మేనేజ్‌మెంట్ ఐపీ బయటపడతాయన్నది నిజమే. దానికి ప్రొవైడర్ లింకులో, బయటివాళ్లు తగిలించే పోర్టుల్లో ‘నో ఎల్ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్’, ‘నో సీడీపీ ఎనేబుల్’ పెడితే చాలు. ఐపీ ఫోన్ల పోర్టుల్లో కూడా ఆపేశారో, వాయిస్ వీల్యాన్ (ఫోన్ల కోసం విడదీసిన నెట్‌వర్క్) నంబర్ అందక ఫోన్లు డేటా వీల్యాన్‌లో పడతాయి. అప్పుడు ఫోన్లు రిజిస్టర్ కావట్లేదని డీహెచ్‌సీపీవాళ్లని (ఐపీ అడ్రసులు ఇచ్చే సర్వర్ చూసుకునేవాళ్లని) తిడతారు.