గట్టు మీద కాగితం, రేవులో పేచీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా వనామీ చెరువులో ఏ యాంటీబయాటిక్కూ వాడలేదు. అయినా శాంపిల్‌లో నైట్రోఫ్యూరాన్ వచ్చిందని చెప్పి ధర కోశారు. వాడని మందు రొయ్యలోకి ఎలా వస్తుంది?
– ఒక రైతు, ఆకివీడు

జవాబు: మీరు వాడలేదన్నది నిజమే కావచ్చు. ముందు కొలత ఎంత చిన్నదో చూడండి. 2022 నవంబరు నుంచి యూరప్ గీసిన గీత నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు 0.5 పీపీబీ, క్లోరాంఫెనికాల్ అనే మరో యాంటీబయాటిక్‌కు 0.15 పీపీబీ. అంతకుముందు ఇవి 1, 0.3గా ఉండేవి. 0.15 పీపీబీ అంటే టన్ను రొయ్యలో 0.15 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 250 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ గొట్టం మాత్ర ఒక్కటి 1,600 టన్నులకు పైగా రొయ్యను ఆ గీత దాకా తేగలదు.

అందుకే దొడ్డిదారులు వెతకాలి. మొదట అనుమానించాల్సింది లేబుల్ సరిగా లేని ‘ప్రోబయోటిక్’, ‘గట్ ప్రీమిక్స్’ పొడులను. తెల్లవిరేచనాలు రెండు రోజుల్లో కట్టాయంటే సంతోషించకండి, డబ్బాలో ఏముందో అడగండి. రెండోది హ్యాచరీలో పిల్లకు పట్టించిన మందు. మూడోది చేతి గాయాలకు రాసుకునే నైట్రోఫ్యూరజోన్ పూత, కళ్లకలకకు వేసుకునే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు. మేత కలిపే చేతికి అవి ఉంటే చాలు.

ఇంకో చిక్కుంది. నైట్రోఫ్యూరాన్ మందు ఒంట్లో గంటల్లోనే విరిగిపోతుంది కానీ, దాని అవశేషం కండకు అంటుకుని వారాల తరబడి ఉంటుంది. ‘పట్టుబడికి పది రోజుల ముందు ఆపేశాం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. పైగా ఇవి నిషిద్ధ మందులు, వీటికి విరామ కాలం (మందు ఆపాక పట్టుబడికి ఆగాల్సిన రోజులు) అన్నదే లేదు. ఆహారానికి పెంచే జీవాలకు వాడే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని కేంద్రం 2025 మార్చిలో పూర్తిగా నిషేధించింది.

ప్రశ్న: ఎవరో ఒకరి సరుకులో దొరికితే దేశం మొత్తానికి శిక్షా? ఇదేం న్యాయం?
– ఉండి నుంచి ఒక పాఠకుడు

జవాబు: న్యాయం సంగతి పక్కన పెడదాం, ఆ పద్ధతి అంతే. యూరప్ మీ చెరువును నమ్మి సరుకు దించుకోదు. భారత ప్రభుత్వం తరఫున ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్ ఇచ్చే ఆరోగ్య పత్రాన్ని నమ్ముతుంది. ఆ పత్రం ఉన్న పెట్టెలో మందు దొరికితే మాట పడేది ప్రభుత్వమే. 2016 అక్టోబరులో మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా 10 నుంచి 50 శాతానికి పెరిగింది అలాగే. రేవులో పెట్టె ఆగిన ప్రతి రోజుకూ అద్దె పడుతుంది. ఆ అద్దె తిరిగి తిరిగి గట్టు మీద కేజీ ధరలో తేలుతుంది.

యూరోపియన్ కమిషన్ ఆడిటర్లు వచ్చినప్పుడు రొయ్య కంటే దారాన్ని, అంటే అది నడిచొచ్చిన జాడను, ఎక్కువ చూస్తారు. ప్లాంటులో ఒక పెట్టె మీద కోడ్ పట్టుకుని వెనక్కి లాగుతారు: ఏ రోజు పట్టుబడి, ఏ చెరువు, పట్టుబడికి ముందు పరీక్ష పత్రం ఏది, పిల్ల ఏ హ్యాచరీది, మేత బస్తా బ్యాచ్ నంబరెంత, మందుల షాపు బిల్లేది. దారం ఎక్కడ తెగితే అక్కడ ఒక సిఫారసు రాస్తారు. ఆ సిఫారసులకు దిల్లీ గడువులతో జవాబివ్వాలి. దేశాల మధ్య రాయబారం అంటే చాలాభాగం ఈ ఫైలే.

మన దగ్గర దారం సాధారణంగా తెగేది ఏజెంటు లారీ దగ్గర. లోడు నిండలేదని మీ రెండు టన్నుల మీద పక్క చెరువు టన్నున్నర పోస్తారు, పత్రం మాత్రం మీ చెరువుదే వెళుతుంది. కాబట్టి పరీక్ష శాంపిల్‌ను చెరువులో నాలుగు చోట్ల వల విసిరి మీ ఎదుటే తీయించండి. సంచికి సీలు వేసి, చెరువు నంబరు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. పట్టుబడి రోజు అరకిలో రొయ్యను అదే పద్ధతిలో కట్టి మైనస్ 18 డిగ్రీల్లో దాచుకోండి. రేపు తగాదా వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. బీఫ్ మీద దేశాల మధ్య తగాదాలను సైన్సు తేల్చలేదా?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: సైన్సు తీర్పు చెప్పింది, తగాదా మాత్రం బేరంతోనే తీరింది. హార్మోన్లతో పెంచిన పశువుల మాంసం దిగుమతిని యూరప్ 1989లో ఆపింది. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఎస్‌పీఎస్ (ఆహార భద్రత, జంతు, మొక్కల ఆరోగ్య చర్యల) ఒప్పందం ప్రకారం ఆహార భద్రత పేరుతో పెట్టే ఆంక్షకు శాస్త్రీయమైన ముప్పు అంచనా ఉండాలి. అది సరిగా లేదని, అమెరికా తెచ్చిన కేసులో 1998లో యూరప్ ఓడిపోయింది. ఓడినా నిషేధం ఎత్తలేదు. అమెరికా 1999లో ఏటా 11.68 కోట్ల డాలర్ల విలువైన యూరప్ సరుకుల మీద ప్రతీకార సుంకం వేసింది. ఫ్రాన్స్ రోక్‌ఫోర్ట్ జున్నుకు ఈ గొడవతో ఏ సంబంధమూ లేకపోయినా దెబ్బ తగిలింది. చివరికి 2009లో హార్మోన్లు వాడని మాంసానికి కోటా ఇవ్వడంతో రాజీ కుదిరింది. 2019 ఒప్పందంలో ఆ కోటాలో 35,000 టన్నులు దశలవారీగా అమెరికాకు కేటాయించారు. హార్మోన్ల మీద నిషేధం మాత్రం అలాగే ఉంది.

జపాన్ ఉదాహరణ పైన ప్రశ్న అడిగిన ఉండి ఊరి పాఠకుడికి కూడా పనికొస్తుంది. 2003 డిసెంబరులో అమెరికాలో ఒక ఆవుకు మ్యాడ్‌కౌ వ్యాధి బయటపడగానే జపాన్ తలుపు మూసింది. రెండేళ్ల తర్వాత తెరిచింది. 2006 జనవరిలో ఒకే ఒక్క ప్లాంటు పంపిన దూడమాంసంలో, ఆ వ్యాధి భయంతో జపాన్ వద్దన్న వెన్నెముక ఎముకలు కనిపించాయి. మళ్లీ అమెరికా బీఫ్ మొత్తానికీ తలుపు పడింది. ప్లాంట్లను తనిఖీ చేశాక, జులైలో గానీ తెరుచుకోలేదు. ఎంత పెద్ద దేశానికైనా లెక్క ఇదే.

ప్రశ్న: మా ఫంగస్ (పంగాసియస్) చేపను అమెరికాకు పంపొచ్చా? రొయ్య వెళుతోంది కదా.
– పాలకొల్లు

జవాబు: రొయ్య దారి వేరు. రొయ్యను చూసేది ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ సంస్థ), అది రేవులో శాంపిల్ తీస్తుంది. ఫంగస్, క్యాట్‌ఫిష్ జాతి చేపలను మాత్రం అమెరికా 2015లో నియమం తెచ్చి, పశుమాంసాన్ని తనిఖీ చేసే వ్యవసాయ శాఖ విభాగానికి అప్పగించింది. అంటే బీఫ్‌కున్న షరతే: ఎగుమతి చేసే దేశపు తనిఖీ వ్యవస్థ తమదానికి సమానమని వాళ్లు ముందుగా ఒప్పుకోవాలి. 2019లో వియత్నాం, చైనా, థాయిలాండ్ ఆ గుర్తింపు తెచ్చుకున్నాయి. ఇది ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన పని, ప్లాంటు ఒంటరిగా చేయగలిగేది కాదు.

ప్రశ్న: పొట్టుతో ఉన్న రొయ్యలో ‘ఎస్‌ఈఎం’ (సెమీకార్బజైడ్) వచ్చింది, మిగతా మూడు నైట్రోఫ్యూరాన్ అవశేషాలు రాలేదు. సరుకు పారేయాలా?
– ప్లాంటు సూపర్‌వైజర్, కాకినాడ

జవాబు: తొందరపడకండి. ఎస్‌ఈఎం నైట్రోఫ్యూరజోన్‌కు గుర్తే గానీ, రొయ్య, పీత జాతుల పొట్టులో అది సహజంగానూ ఉంటుంది. గాఢమైన క్లోరిన్ నీటిలోనూ పుట్టొచ్చు. అదే లాటు నుంచి పొట్టు పూర్తిగా తీసి, లోపలి కండను మాత్రమే అవశేషాలను కచ్చితంగా గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రం మీద మళ్లీ పరీక్ష చేయించండి. పొట్టు తీసిన శాంపిలని సంచి మీద, ల్యాబు ఫారంలో రెండుచోట్లా రాయించండి. లోపలి కండలోనూ వస్తే షెడ్డులో ఎవరి వేలికి ఏ పూత ఉందో ఆ రోజే చూడండి.