పిండి బస్తా బరువెంత?

అమ్మాయీ,

గాజా మీద నువ్వు రాసిన కథ చేరింది. పదకొండు పేజీలు. మొన్న రాత్రి ఊరికే చదివాను, నిన్న పొద్దున పెన్సిల్ పట్టుకుని చదివాను. ఆ తల్లి పిండిని రెండుసార్లు జల్లిస్తుంది చూడు, ఒకసారి పురుగుల కోసం, ఇంకోసారి ఇసుక కోసం, అది బాగుంది. మిగతాదాని మీద నాకు కోపంగా ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మొదటి వాక్యమే చూడు. "కనుచూపు మేరా తెల్లటి గుడారాలు, అదే జబాలియా శరణార్థి శిబిరం." కాలం 2023 సెప్టెంబరు అని పైన నువ్వే వేశావు. ఆ నెలలో జబాలియాలో గుడారం ఎక్కడుందమ్మా? 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో పారిపోయి వచ్చినవాళ్ళకి వేసిన గుడారాలు 1950ల్లోనే పోయాయి. వాటి చోట సిమెంటు గదులొచ్చాయి, పిల్లలు పెరిగేకొద్దీ గది మీద గది లేచింది. 1.4 చదరపు కిలోమీటర్ల జాగాలో లక్షకు పైగా నమోదైన శరణార్థులు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒత్తిగిలి దారి ఇవ్వాల్సిన సందులు. బడులున్నాయి, కిరాణా కొట్లున్నాయి, అంగడి వీధి ఉంది. గుడారాలు మళ్ళీ లేచింది 2023 అక్టోబరు 13 తర్వాత, వాదీ గాజా అనే వాగుకి ఉత్తరాన ఉన్న పది లక్షల పైచిలుకు జనాన్ని ఇజ్రాయెల్ సైన్యం దక్షిణానికి పొమ్మన్నాక. అవి కూడా రఫాలో, ఖాన్ యూనిస్‌లో, సముద్రపొడ్డున అల్-మవాసీ ఇసుకలో.

రెండో తప్పు మాటది. అందరినీ 'శరణార్థులు' అంటూ పోయావు. అరబ్బీలో రెండు మాటలున్నాయి. 1948లో ఊరు పోగొట్టుకున్నవాళ్ళూ వాళ్ళ సంతానమూ 'లాజీ'. 2023 అక్టోబరులో మొదలైన ఇజ్రాయెల్-హమాస్ యుద్ధంలో గాజా లోపలే ఇల్లొదిలి తిరిగినవాడు 'నాజిహ్'. నీ తల్లి రెండూను. మనకీ మాటల కరువు లేదు కదా. పోలవరం పుణ్యమా అని 'నిర్వాసితులు' రోజూ పేపర్లో చూస్తున్నాం. 'కాందిశీకులు' ఉంది, 'ఏ దిక్కుకి పోవాలి' అని అడుగుతూ పరిగెత్తేవాడని దాని వ్యుత్పత్తి. అక్టోబరులో ఆ తల్లి కాందిశీకురాలు. 'శరణార్థి' అన్న పేరు ఆవిడ పుట్టకముందు నుంచీ ఉంది, వాళ్ళ నాయనమ్మ మజ్దల్ (ఇప్పుడది ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్) వదిలి వచ్చిన రోజు నుంచి. ఈ తేడా తెలిస్తే ఆవిడ కూతురిని "మీదే ఊరు?" అని అడిగినప్పుడు ఆ పిల్ల జబాలియా అనదు, ఎన్నడూ చూడని మజ్దల్ పేరు చెబుతుంది. నీ కథలో ఆ సంభాషణ వచ్చింది, చేజార్చుకున్నావు.

ఈ తేడాకి కాగితం కూడా ఉంది. పాలస్తీనా శరణార్థుల కోసం ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరులో పెట్టిన సంస్థ అన్‌ర్వా, పని మొదలైంది 1950 మే 1న. అక్కడివాళ్ళు 'వకాలా' అంటారు, ఏజెన్సీ అని. 1946 జూన్ 1 నుంచి 1948 మే 15 వరకు పాలస్తీనాలో కాపురముండి, ఆ యుద్ధంలో ఇల్లూ బతుకుతెరువూ రెండూ పోయినవాళ్ళు, మగ సంతతి వైపు నుంచి వాళ్ళ పిల్లలు దాని జాబితాకెక్కుతారు. జోర్డాన్, లెబనాన్, సిరియా, వెస్ట్ బ్యాంక్, గాజా కలిపి ఇప్పుడు 59 లక్షల దాకా ఉన్నారు. ఆ కుటుంబ కార్డుని పాతవాళ్ళు 'కర్త్ అల్-మువన్' అంటారు, అచ్చంగా మన రేషన్ కార్డు. మూడో పేజీలో నీ కథలో తల్లి బీరువా తాళం పట్టుకుని పారిపోతుంది. తాళం కథలు చాలామంది రాసేశారు. కార్డు పట్టుకు పోనీ. ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకోనీ. పేరు జాబితాలో ఉంటేనే వంతు వచ్చినట్టు ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఫోనుకి ఛార్జింగు ఉండాలి, సోలార్ పలక పెట్టుకున్నవాడికి డబ్బులిచ్చి పెట్టించుకోవాలి. మెసేజ్ వచ్చిన పూట ఫోను చచ్చిపోయి ఉంటే? అదొక్కటీ చాలు ఒక కథకి.

ఇక ఐదో పేజీ. "లారీ వచ్చింది. పిండి పంచారు. పిల్లల కళ్ళలో వెలుగు." ఆ మూడు వాక్యాల మధ్య ఏం జరుగుతుందో నీకు తెలీదు, తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

యుద్ధానికి ముందు గాజాలోకి రోజుకి 500 లారీల దాకా వెళ్ళేవి, వ్యాపార సరుకుతో కలిపి. తర్వాత సాయం చాలావరకు ఈజిప్టులో అల్ అరీష్‌లో దిగేది. మన దేశం 2023 అక్టోబరు 22న వాయుసేన సీ-17 విమానంలో పంపిన 6.5 టన్నుల మందులు, 32 టన్నుల సామగ్రి కూడా దిగింది అక్కడే. అక్కడి నుంచి సరిహద్దుకి, తనిఖీకి, ఇజ్రాయెల్ నుంచి గాజాలోకి పోయే గేటు కెరెమ్ షాలోమ్‌కి. ఈజిప్టు లారీ నేరుగా గాజాలోకి పోదు. సరుకంతా దింపుతారు. పాలెట్‌లని, అంటే సరుకు పేర్చిన చెక్క పలకలని, స్కానింగు చేస్తారు. అవతలి వైపు అనుమతి ఉన్న గాజా లారీ, అనుమతి ఉన్న డ్రైవరు వచ్చి మళ్ళీ ఎక్కించుకోవాలి. సైనిక అవసరానికీ పనికొస్తుందని ఇజ్రాయెల్ అనుమానపడే వస్తువు ఒక్కటి ఉన్నా లారీ మొత్తం వెనక్కి. 2024 మార్చిలో పిల్లల మందుల పెట్టెలో కత్తెరలున్నాయని ఒక లారీని తిప్పి పంపారని అన్‌ర్వా అధిపతి చెప్పాడు. అందుకే తెలిసినవాళ్ళు కలగాపులగం సరుకు ఎక్కించరు. ఒక లారీలో పిండి అంటే పిండే. మనవాళ్ళు ఇళ్ళ దగ్గర పోగుచేసే పాత బట్టల మూటలు ఎందుకు పనికిరావో ఇప్పుడర్థమైందా? ఏ మూటలో ఏముందో ఎవరు చెప్పాలి?

సరిహద్దు దాటాక సగం కథ. ఏ దారి, ఏ గంటకి అన్నది ముందే సైన్యానికి చెప్పి ఒప్పించుకోవాలి. ఒప్పుకున్నా ఆగే చోట గంటలకొద్దీ ఆగాలి. 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాలు ఏదీ లోపలికి పోలేదు. మళ్ళీ తెరిచాక ఆ వేసవిలో బయల్దేరిన లారీల్లో ఎక్కువ భాగం గోదాముకి చేరనే లేదు, దారిలోనే జనం దింపుకున్నారు. దాన్ని నువ్వు 'ఆకలి ముందు మనిషి మృగమవుతాడు' అని ఒక ముక్కలో తేల్చేశావు. అదే ఏడాది జనవరిలో కాల్పుల విరమణ కుదిరి, రోజుకి 600 లారీల ఒప్పందం నడిచినన్నాళ్ళు ఆ ఎగబడటం చాలామటుకు తగ్గిపోయింది. మృగాలు ఆరు వారాలకి మనుషులైపోయాయా? రేపు కూడా బండి వస్తుందని నమ్మకం ఉంటే ఇవాళ బండి మీద పడే పని లేదు. నమ్మకం లేని రోజున 25 కిలోల బస్తా భుజాన వేసుకుని పరిగెత్తగల కుర్రాడికే పిండి. నీ కథలో తల్లికి భర్త లేడు, పెద్ద కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆ ఇంటికి బస్తా ఎలా వచ్చిందో రాయి. రాయలేకపోతే రానివ్వకు.

విమానం నుంచి పారాచూట్ల సీను తీసెయ్. సినిమాలా ఉంది. ఒక విమానం విడిచేది ఒకటి రెండు లారీల సరుకు, ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు. 2024 మార్చి 8న పారాచూట్ సరిగ్గా విచ్చుకోక పెట్టెలు మీదపడి ఐదుగురు చచ్చిపోయారు. అదే ఏడాది అమెరికా సైన్యం సముద్రంలో తేలే రేవు కట్టింది, అలలకి విరిగింది, బాగుచేశారు, పనిచేసింది ఇరవై రోజులు. రోడ్డు దారి తెరవని చోట ఇలాంటివి ఫొటోలకి బాగుంటాయి.

పాల డబ్బాలు పంచే సీను కూడా తీసెయ్. ఆ డాక్టరు పాత్ర ఎంత మంచివాడైనా వరసలో నిలబడిన ప్రతి తల్లికీ పాలపొడి ఇవ్వడు. మంచి నీళ్ళు లేవు, సీసా మరగబెట్టడానికి మంట లేదు. పొడి ఇస్తే నీళ్ళ విరేచనాలు ఇచ్చినట్టే. తల్లి పాలు అందని పసివాళ్ళని విడిగా చూసి, వాళ్ళకి మాత్రమే ఇస్తారు. ఆర్నెల్లు దాటిన పిల్లకి మొదట జబ్బకి టేపు చుడతారు. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, అంటే ప్రాణం మీదికొచ్చినట్టు. 125 లోపు పసుపు. ఎరుపులో ఉండి వేరే జబ్బేమీ లేని పిల్లకి వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు ఇచ్చి ఇంటికి పంపుతారు. ప్యాకెట్ 92 గ్రాములు, 500 కాలరీలు, నీళ్ళు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, మూల చించి నోట్లోకి పిండడమే. అది ఆ పిల్లకి మందు. ఇంట్లో ఇంకో ముగ్గురు పిల్లలు దానివైపే చూస్తుంటారు. ఆ తల్లి ఏం చేస్తుంది? 'కన్నీటి సంద్రం' అని రాసే బదులు ఇది రాయాల్సింది.

నీ కథలో అందరికీ ఏడుపు వస్తుంది, ఎవరికీ తూకం తెలీదు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు. ఈమధ్య సమీక్షకులకి 'ఆర్ద్రత' అనే మాట దొరికింది, దాన్ని వదలడం లేదు. సంపాదకులా, కథలో అంకె కనబడితే చాలు వ్యాసంలా ఉందంటారు. ఒక మహానుభావుడు నా కథలో కిలోలన్నీ కొట్టేసి 'కొద్దిగా', 'బోలెడు' అని దిద్దాడు, ముప్ఫై ఏళ్ళైనా ఆయన మీద నా కోపం చల్లారలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళు గ్రాముల్లో ఆలోచిస్తారమ్మా. కడుపు నిండినవాళ్ళం మనం 'కొద్దిగా' అంటాం.

నీళ్ళు. బావి నుంచి బిందెతో తోడించావు. గాజా భూగర్భ జలం తొంభై శాతానికి పైగా తాగడానికి పనికిరాదు, ఉప్పు, మురుగు. తాగే నీళ్ళు ఉప్పు తీసే ప్లాంట్ల నుంచి, ఇజ్రాయెల్ నుంచి వచ్చే గొట్టాల నుంచి, ఇవి ఆగితే ట్యాంకరు నుంచి. ప్లాంటు నడవాలంటే కరెంటో డీజిలో కావాలి. డీజిలు రాకపోతే నీళ్ళూ లేవు, అందుకే సాయం జాబితాలో ఇంధనం పిండితో సమానం. మనిషికి రోజుకి 15 లీటర్లు అంతర్జాతీయ ప్రమాణం, తాగడానికీ వంటకీ ఒంటికీ కలిపి. బిందె వద్దు, 'గాలన్' అను, పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా. 20 లీటర్లు అంటే 20 కిలోలు. తొమ్మిదేళ్ళవాడు దాన్ని మోయలేడు, ఇసుకలో ఈడుస్తాడు, అడుగు అరిగి చిల్లి పడుతుంది. వాడి చేతికి ఐదేసి లీటర్లవి రెండు ఇవ్వు.

గుడారం గురించి ఒక్క ముక్క. మేకులు కొట్టించావు. మవాసీ ఇసుకలో మేకు నిలవదు, మొదటి గాలికే ఊడొస్తుంది. సంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి, మోకాలి లోతు గొయ్యిలో పూడ్చాలి. సాయం సంస్థల కుటుంబ గుడారం లోపలి గది 16 చదరపు మీటర్లు, ఐదుగురికి. అది దొరకని వాళ్ళే ఎక్కువ. కర్రలు పాతి, టార్పాలిన్, దుప్పట్లు, ఖాళీ పిండి సంచులు కలిపి కుట్టుకుంటారు. నీ తల్లి జల్లించిన పిండి సంచి పైకప్పులో ఎక్కడో ఉండాలి.

ఇక పిండి దగ్గరికి వద్దాం. పిండి ఉంటే రొట్టె వచ్చినట్టు రాశావు. రెండు కిలోల పిండికి లీటరుంపావు నీళ్ళు కావాలి. ఉప్పు కావాలి, ఈస్టు కావాలి. ఈస్టు లేకపోతే పొంగదు, పల్చగా రేకు మీద కాల్చుకోవాలి. మంట కావాలి. 2025 మార్చి తర్వాత ఏడు నెలల పాటు వంట గ్యాసు రాలేదు. విరిగిన తలుపు చెక్కలు, అట్టపెట్టెలు, చివరికి ప్లాస్టిక్ కాల్చారు. ఆ పొగకి రొట్టె నల్లబడి వాసనేస్తుంది, పిల్ల దగ్గుతుంది. ఏప్రిల్ 1 నాటికి ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో నడిచే 25 బేకరీలూ మూతపడ్డాయి, పిండీ గ్యాసూ రెండూ అయిపోయి. శెనగలు పంచారని రాశావు కదా, రాత్రంతా నానబెట్టి గంటకి పైగా ఉడకాలి. ఆ మంటెక్కడిది? అందుకే 'తకియా' దగ్గర వరస, అంటే ఉమ్మడి వంట. పెద్ద గుండిగల్లో ఎర్ర పప్పు చారు, త్వరగా ఉడుకుతుంది కాబట్టి అదే. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. గుండిగ అడుగు తేలాక పిల్లలు లోపలికి వంగి చేత్తో గీకుతారు.

నీ నాలుగో పేజీ వెనక పెన్సిల్‌తో లెక్క వేసి పంపుతున్నాను. తల్లి, నలుగురు పిల్లలు, ముసలామె, ఆరుగురు. సాయం లెక్కల్లో మనిషికి రోజుకి 400 గ్రాముల ధాన్యం వేస్తారు, దానికి తోడు పప్పు 60, నూనె 25, బలవర్ధక పిండి 50, కాస్త చక్కెర, ఉప్పు. అన్నీ ఉంటే 2100 కాలరీల దగ్గరకి వస్తుంది. ఒట్టి పిండైతే 1400 దగ్గరే ఆగుతుంది. ఆరుగురికి రోజుకి 2.4 కిలోలు. 25 కిలోల బస్తా పది రోజులు. నువ్వు అదే బస్తాతో ఆ ఇంటిని నెల రోజులు నడిపించావు. పదకొండో రోజు పొద్దున్న నుంచి మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో.