ఒకణ్ని తీసేసి చూడండి

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ ప్రతి సినిమాకీ కలిసే పోతాం, బయటికొచ్చి మార్కులేసుకుంటాం. ‘జాతిరత్నాలు’కు నేను పదికి ఎనిమిదిస్తే, ‘కథేముంది?’ అని వాడు నాలుగిచ్చినాడు. ‘ఆర్‌ఆర్‌ఆర్‌’కు వాడు తొమ్మిది, నేను ఐదు. స్నేహితుల సినిమాలకు మార్కులు ఎట్ల వెయ్యాల సార్?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ముందు మీవాణ్ని ఒక మాట అడగండి. ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ నంజుకుంటూ, తియ్యగా లేదని ఎవడన్నా అంటాడా? ‘జాతిరత్నాలు’ (2021) నవ్విస్తానని టికెట్ చింపింది. జడ్జీగా బ్రహ్మానందం కూర్చున్న ఆ కోర్టు సీన్లో మీవాడు నవ్వినాడా లేదా? నవ్వింటే ఆరుకు తగ్గించే హక్కు లేదు.

అయితే అది ముగ్గురి సినిమా. గుంపు సినిమా వేరు, జంట సినిమా వేరు. ‘హ్యాపీడేస్’ (2007)లో ఒకడు కాసేపు కనపడకపోయినా కాలేజీ ఉంటుంది, మిగతావాళ్లుంటారు, బండి నడుస్తుంది. జంటకు ఆ దిక్కు లేదు. పొసగని ఇద్దరు ఒకే పనికి ముడిపడాల. నేను చూసేది ఒకటే: ఒకణ్ని తీసేస్తే కథ నడుస్తుందా? నడిస్తే ఆ రెండోవాడు స్నేహితుడు కాదు, హీరో వెనక నీళ్ల బాటిల్ మోసేవాడు. మన దగ్గర వీళ్లే ఎక్కువ. ఫస్టాఫంతా హీరో ప్రేమకు రాయబారం నడిపి, సెకండాఫ్‌లో విలన్ చేతిలో పోతారు పాపం.

‘ఆర్‌ఆర్‌ఆర్‌’ (2022)లో ఎవర్నీ తీసెయ్యలేరు. పోలీసు రామ్ వెతికే భీమ్, అక్తర్ పేరుతో పక్కనే తిరుగుతుంటాడు. వాళ్లకు తెలీదు, మనకు తెలుసు. వాళ్లు నవ్వుకునేకొద్దీ మనకు దడ. ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిందని మార్కులు వెయ్యొద్దు. పాట చివర, భీమ్ మనసుపడిన జెన్నీ అతని వైపు చూస్తోందని కనిపెట్టి, రామ్ కావాలనే కూలబడిపోతాడే, మార్కు అక్కడెయ్యండి.

నాకు ఈ లెక్క నేర్పింది ‘షోలే’ (1975), జై, వీరూ అనే ఇద్దరు స్నేహితుల హిందీ సినిమా. కడపలో మళ్లీ ఆడినప్పుడు, ప్రింటంతా గీతలు, బెంచీ టికెట్టు. నాకు హిందీ అంతంతమాత్రం. పక్కన అత్తరు పూసుకున్న ఒక సాయిబు పాపం మాటమాటకూ తెలుగు చెప్తా ఉన్నాడు. ఏది తేల్చుకోవాలన్నా జై నాణెం ఎగరేస్తాడు. ఎగరేసినప్పుడల్లా సాయిబు ‘బొమ్మ పడింది చూడు నాయనా’ అంటాడు. జై పోయినాక వీరూ ఆ నాణేన్ని తిప్పి చూస్తాడు. రెండువైపులా బొమ్మే. సాయిబు నోరు మెదపలేదు. నేనూ ఏమని అడగలేదు.

దానికి నేను పదికి పది. ‘ఆర్‌ఆర్‌ఆర్‌’కు ఎనిమిది, ఇంటర్వెల్ తర్వాత ఇద్దర్నీ మరీ ఎక్కువసేపు విడదీసినారు. ‘జాతిరత్నాలు’కు ఏడు, కానీ గుంపు లెక్కలో. మీ ఐదు మాత్రం అన్యాయమబ్బా, దిద్దుకోండి.