‘జస్ట్’ ముందా, ‘కాంట్’ ముందా?

ప్రశ్న: ఇంగ్లిష్ సినిమాల్లో ఒకసారి ‘ఐ జస్ట్ కాంట్ లీవ్’ అనీ, ఇంకోసారి ‘ఐ కాంట్ జస్ట్ లీవ్’ అనీ వింటుంటాను. ఉన్నవి అవే నాలుగు మాటలు కదా, ఎలా చెప్పినా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. ‘ఐ జస్ట్ కాంట్ లీవ్’ అంటే వెళ్లలేను, నావల్ల కాదు, అంతే. ‘ఐ కాంట్ జస్ట్ లీవ్’ అన్న మనిషి వెళ్లడానికి సిద్ధంగానే ఉండొచ్చు, కాకపోతే చెప్పాపెట్టకుండా లేచిపోవడం కుదరదంటున్నాడు, చేతిలో ఉన్న పని ఎవరికో అప్పగించాలి, నలుగురికీ ఒక మాట చెప్పాలి. మొదటి వాక్యంలో ‘జస్ట్’ పోయి ‘కాంట్’ని పట్టుకుంది, రెండో దాంట్లో ‘లీవ్’ని పట్టుకుంది. ఈ రకం యాడ్‌వెర్బులు మామూలుగా తమ తర్వాత వచ్చే మాట మీదే పడతాయి. ‘రియల్లీ’ కూడా ఈ బాపతే. ‘ఐ రియల్లీ కాంట్ సే’ అంటే నిజంగానే చెప్పలేను. ‘ఐ కాంట్ రియల్లీ సే’ అంటే ఇదీ అని గట్టిగా చెప్పలేను, కాస్త అటూ ఇటూగా ఉంది అని.

తెలుగులో మనకీ బాధ ఎందుకు లేదంటే, ‘లేను’, ‘వచ్చు’, ‘ఏమో’ లాంటివన్నీ క్రియకే అతుక్కుని చివర్లో కూర్చుంటాయి, మధ్యలో ఇంకో మాట దూరడానికి సందే ఉండదు. అందుకే తేడా చూపించాలంటే మాటనే మార్చేస్తాం, ఒకచోట ‘అంతే’ అంటాం, ఇంకోచోట ‘ఊరికే’ అంటాం. ఇంగ్లిష్‌లో మోడల్ (‘కెన్’, ‘విల్’, ‘మే’ లాంటి సహాయక క్రియ) వేరు, అసలు క్రియ వేరు, రెంటికీ మధ్య ఖాళీ ఉంది. మన పిల్లలు గ్రామర్ అంతా బట్టీపట్టి కూడా ఈ ఖాళీ దగ్గరే బోల్తా పడుతుంటారు, ఎందుకంటే పుస్తకాల్లో మోడల్స్‌కి ఒక పాఠం, యాడ్‌వెర్బులకి ఇంకో పాఠం. రెండూ కలిసి కాపురం చేసే పాఠం మాత్రం దొరకదు.

ప్రశ్న: వారం వారం జరిగే మీటింగ్ గురించి ‘ఐ ఆల్వేస్ కాంట్ కమ్’ అని మెసేజ్ పెట్టాను. మా టీమ్ లీడర్ ‘అంటే ఒక్కసారి కూడా రావా?’ అని అడిగారు. నేననుకున్నది ప్రతిసారీ కుదరదని. తప్పెక్కడుంది?

జవాబు: ‘కాంట్’ని ముందుకు తెచ్చేస్తే సరిపోయేది: ‘ఐ కాంట్ ఆల్వేస్ కమ్’. అప్పుడు ‘కాంట్’ కాదంటున్నది ‘ఆల్వేస్’ని, అంటే అన్నిసార్లూ కుదరదు, కొన్నిసార్లు వస్తాను. మీరు రాసిన వరసలో ‘ఆల్వేస్’ వెళ్లి ‘కాంట్’ నెత్తినెక్కింది, రాలేకపోవడమే ఎప్పుడూ జరిగేదని వాళ్లకి అర్థమైంది. అసలెప్పుడూ రాలేనని చెప్పాలంటే కూడా అలా అనరు, ‘ఐ కెన్ నెవర్ కమ్’ అంటారు.

అలాగని ‘కాంట్’ ఎప్పుడూ ముందే ఉండాలని రాసిపెట్టుకోకండి. ‘ప్రాబబ్లీ’ దగ్గర వరస తిరగబడుతుంది: ‘ఐ ప్రాబబ్లీ కాంట్ కమ్’, ‘షి ప్రాబబ్లీ వోంట్ కాల్’. రాలేకపోవడమే బహుశా జరిగేది కాబట్టి ‘ప్రాబబ్లీ’ ఆ ‘కాదు’కి కూడా పైన ఉండాలి. కాదనడం లేకపోతే మాత్రం మళ్లీ మామూలే, ‘షి విల్ ప్రాబబ్లీ కాల్’.

ఇక ‘పాసిబ్లీ’ సంగతి. ఇది చూసి ‘బహుశా’ అనుకుని కొందరు ఆఫీసు మెయిల్‌లో ‘ఐ కాంట్ పాసిబ్లీ ఫినిష్ దిస్ టుడే’ అని రాస్తారు, ఇవాళ అవకపోవచ్చేమో అని మెత్తగా చెబుతున్నామనే ఉద్దేశంతో. అవతల చదివేవాళ్లకి అది ‘ఇవాళ ఎట్టి పరిస్థితుల్లోనూ అవ్వదు’ అని వినిపిస్తుంది. వినయంగా ఉందామనుకుని తలుపు మొహం మీద వేసినట్టు. అక్కడ రాయాల్సింది ‘ఐ మే నాట్ బి ఏబుల్ టు ఫినిష్ దిస్ టుడే’. తమాషా ఏంటంటే, అదే ‘పాసిబ్లీ’ని ప్రశ్నలో పెడితే ఎక్కడలేని మర్యాద వచ్చేస్తుంది: ‘కుడ్ యూ పాసిబ్లీ సెండ్ ఇట్ టుడే?’ వీలైతే కాస్త ఇవాళ పంపగలరా అని.

ప్రశ్న: ‘మే’ అంటేనే అనుమానం కదా, మళ్లీ ‘పర్హాప్స్’, ‘పాసిబ్లీ’ ఎందుకు తగిలిస్తారు? రెండుసార్లు చెప్పడం తప్పు కాదా?

జవాబు: ‘బహుశా వస్తాడేమో’ అని మీరు రోజూ అంటూనే ఉంటారు. ‘బహుశా’లో అనుమానం ఉంది, ‘ఏమో’లో మళ్లీ అనుమానం ఉంది, ఎవరూ తప్పు పట్టలేదు. ‘హి మే పాసిబ్లీ కమ్’ కూడా అంతే. రెండూ ఒకే మోతాదు అనుమానం చెబుతుంటే శ్రుతి కలిసినట్టు. భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ 1977లో దీన్ని ‘హార్మొనిక్’ కలయిక అనే అన్నాడు. ‘మస్ట్’ పక్కన ‘సర్టెన్లీ’ బాగుంటుంది. ‘హి మైట్ డెఫినెట్లీ కమ్’ అంటే మాత్రం అపశ్రుతి, ఖచ్చితంగా వస్తాడేమో అన్నట్టు ఉంటుంది. మనవాళ్లు తెగ వాడే ‘మే ప్రాబబ్లీ’ని నేనైతే వదిలేయమంటాను. ‘మే’కన్నా ‘ప్రాబబ్లీ’ బరువైనది, ‘విల్ ప్రాబబ్లీ’ అంటే హాయిగా ఉంటుంది.

‘మే’ని కాస్త బలంగా చెప్పాలంటే వాళ్ల దగ్గర ‘మే వెల్’ ఉంది. ‘ఇట్ మే వెల్ రెయిన్’ అంటే వర్షం బాగా పడొచ్చని కాదు, పడే అవకాశం బాగానే ఉందని. ‘మైట్ యాజ్ వెల్’ మళ్లీ వేరే జాతి. బస్సు ఎంతసేపటికీ రాలేదు, ‘వి మైట్ యాజ్ వెల్ వాక్’ అన్నారంటే ఇంకేం చేస్తాం, నడిచే పోదాం పద అని. ఉత్సాహమేమీ లేదు, అంతకన్నా మంచి దారి లేదు, అంతే.

ప్రశ్న: ‘ఐ విల్ కెన్ డూ’ ఎందుకు తప్పు?

జవాబు: రెండు మోడల్స్ పక్కపక్కన ఇమడవు కాబట్టి. ‘విల్ బి ఏబుల్ టు’ అనండి. అమెరికా దక్షిణ ప్రాంతాల్లో, స్కాట్లండ్‌లో కొందరు ‘మైట్ కుడ్’ అంటారు కానీ పరీక్షలో వాళ్ల పేరు చెబితే మార్కులు రావు.

ప్రశ్న: ‘విల్ యూ కమ్?’ అంటే ‘యెస్, ఐ విల్ ప్రాబబ్లీ’ అనొచ్చా?

జవాబు: ‘ఐ ప్రాబబ్లీ విల్’ అనండి. తర్వాత రావాల్సిన క్రియ మింగేశాం కాబట్టి యాడ్‌వెర్బ్ మోడల్‌కి ముందుకు జరుగుతుంది. ‘ఐ రియల్లీ షుడ్’, ‘యూ నెవర్ కెన్’ కూడా ఈ వరసలోనే.

ప్రశ్న: ఉద్యోగానికి అప్లికేషన్ రాస్తున్నాను. కష్టపడి పనిచేస్తానని ‘ఐ విల్ హార్డ్లీ వర్క్’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: ‘హార్డ్’ అంటే కష్టపడి, ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. ఫోన్‌లో ‘ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ’ అంటే మీ మాట వినపడీ వినపడనట్టుంది అని. అందులోనే ‘కాదు’ దాగి ఉంది, అందుకే ‘కాంట్ హార్డ్లీ’ కూడా అనరు. మీరు రాసింది ‘నేను పనిచేసేది ఏమంత ఉండదు’ అని. పంపించేయకముందే ‘ఐ విల్ వర్క్ హార్డ్’ అని మార్చండి, ‘హార్డ్’ చివర్లో ఉండాలి. పంపేసి ఉంటే ఇంకోటి పంపండి, టెన్షన్ పడకండి.